క్రాష్ గార్డ్, స్లైడర్లు, సారీ గార్డ్: మన ఘాట్ రోడ్లకి ఏది అవసరం, ఏది దండగ?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కొత్తగా 160 సీసీ బండి బుక్ చేశారు. ఉండేది ఒడిశాలోని రాయగడలో. ఉద్యోగం పని మీద లక్ష్మీపూర్, కాశీపూర్ వైపు తరచూ తిరగాలి, ఒక్కోసారి కొరాపుట్ దాకా వెళ్లాలి. సెలవు దొరికితే పార్వతీపురంలో ఇంటికి. మీ ఆవిడ చీర కట్టుకుని వెనక ఒక పక్కకి కూర్చుంటారు. షోరూంవాళ్లు క్రాష్ గార్డ్ (ఇంజన్ ముందు రెండు పక్కలా వచ్చే పైపు), ఫ్రేమ్ స్లైడర్లు (ఫ్రేమ్ పక్కలకి బిగించే నైలాన్ ముక్కలు), సంప్ గార్డ్ (ఇంజన్ అడుగున వేసే ప్లేటు), హ్యాండ్ గార్డ్లు, హెడ్‌లైట్ గ్రిల్, ఎల్‌ఈడీ లైట్లు అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా రేటు చెప్పారు. వెనక చక్రంలో చీర చిక్కుకోకుండా పక్కన వచ్చే సారీ గార్డ్ మాత్రం "లుక్ పోతుంది సార్, తీసేస్తాం" అన్నారు. "ఇవన్నీ నిజంగా ప్రాణాన్ని కాపాడతాయా, లేక అమ్ముకోవడానికి చెప్పే మాటలా?" అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. క్రాష్ గార్డ్ వేయించండి. కానీ అది మిమ్మల్ని కాపాడుతుందని కాదు, బండిని కాపాడుతుందని వేయించండి. మన వైపు రోడ్ల మీద పడ్డ బండి మళ్లీ స్టార్ట్ అయ్యి ఇంటికి చేర్చడమే పెద్ద సంగతి. సారీ గార్డ్ ఎట్టి పరిస్థితిలోనూ తీయనివ్వకండి. ఆ ప్యాకేజీ మొత్తంలో ప్రాణంతో నేరుగా ముడిపడిన వస్తువు అదొక్కటే, వాళ్లు తీసేస్తామంటున్నదీ దాన్నే. స్లైడర్లు, గ్రిల్, లైట్లు బిల్లులోంచి తీసేయించండి. సంప్ గార్డ్ సంగతి మీరు కాశీపూర్ లోపలి ఊళ్లకి ఎంత తిరుగుతారన్న దాన్ని బట్టి. మిగిలిన డబ్బు హెల్మెట్, గ్లౌజులు, బూట్ల మీద పెట్టండి.

ఇప్పుడు కారణాలు. నాకు రాయగడలో టూ వీలర్ వర్క్‌షాప్ ఉంది. ఇక్కడి ఘాట్లలో పడ్డ బండ్లు చాలావరకు నాలాంటి వాళ్ల దగ్గరికే వస్తాయి కాబట్టి, చూసిందే చెబుతున్నాను.

పడి వచ్చే బండ్లలో ఎక్కువ శాతం స్పీడులో పడ్డవి కావు. ఇది చాలామంది నమ్మరు. వానాకాలంలో ఎర్రమట్టి మీద సైడ్ స్టాండ్ వేసి టీ తాగడానికి వెళ్తారు, స్టాండ్ మట్టిలోకి దిగి బండి ఎడమ పక్కకి ఒరిగి పడుతుంది. హెయిర్‌పిన్‌లో లారీ ఎదురొస్తే ఆగుతారు, కాలు పెట్టబోతే పల్లం వైపు నేల అందదు, అలాగే పక్కకి వాలిపోతారు. మలుపులో లారీల నుంచి రాలిన కంకర మీద ముందు చక్రం జారుతుంది. సంత రోజున ఎవరిదో మేక అడ్డొస్తుంది, ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తారు. ఇవన్నీ సున్నా నుంచి పాతిక కిలోమీటర్ల లోపు వేగంలో జరిగేవే.

ఇలా పడ్డప్పుడు నేలకి ముందుగా తగిలేవి హ్యాండిల్ చివర, క్లచ్ లేదా బ్రేక్ లివర్, ఫుట్‌రెస్ట్, ఇంజన్ పక్క కవర్. ఎడమ పక్క మ్యాగ్నెట్ కవర్, కుడి పక్క క్లచ్ కవర్ ఉంటాయి. రెండూ అల్యూమినియం పోతవి. రాయి మొన తగిలితే వెంట్రుకంత పగులు వస్తుంది. కింద ఆయిల్ మరక కనిపించకపోవచ్చు కూడా. అలాగే నడుపుకుంటూ పోతే దారిలో ఆయిల్ కారిపోయి ఇంజన్ పట్టేస్తుంది. వెయ్యి రూపాయల కవర్ మార్చాల్సిన చోట మొత్తం ఇంజన్ విప్పాల్సి వస్తుంది. గేర్ లివర్ లోపలికి వంగి కవర్‌కి ఆనుకుంటే గేరు పడదు. లక్ష్మీపూర్ దాటాక ఏ మలుపులోనో ఇలా జరిగితే మెకానిక్ ఉండడు, కొన్ని చోట్ల ఫోన్‌కి సిగ్నలూ ఉండదు. పికప్ వ్యాన్ మాట్లాడుకుని బండి తెప్పించుకునే ఖర్చు క్రాష్ గార్డ్ ధరకి రెండు మూడు రెట్లు అవుతుంది.

గార్డ్ ఉంటే ఏమవుతుందంటే, బండి పూర్తిగా నేల మీద పడుకోదు. గార్డ్ మీద, హ్యాండిల్ చివర మీద, వెనక ఫుట్‌రెస్ట్ మీద ఆని కాస్త పైకి నిలబడుతుంది. ఆ సందులో మీ కాలు పట్టేంత జాగా ఉంటుంది. క్లాసిక్ 350 లాంటి 195 కిలోల బండి గార్డ్ లేకుండా కాలి మీద పడితే ఒక్కడే కాలు లాక్కోవడం కష్టం. స్ప్లెండర్ 112 కిలోలే, ఎలాగో లాగేసుకుంటారు. మీ 160 ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఇంకొకటి: కుడి పక్కకి పడితే సైలెన్సర్ పిక్కకి ఆనుకుంటుంది. ఘాట్ ఎక్కి వచ్చిన సైలెన్సర్ ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాలిన గాయంతో వచ్చినవాళ్లని చూశాను, విరిగిన కాలు కంటే ఆ గాయమే ఎక్కువ రోజులు సతాయిస్తుంది.

ఇక్కడి వరకు గార్డ్ గెలిచింది. ఇక్కడి నుంచి ఓడిపోతుంది.

వేగం రెట్టింపయితే దెబ్బలో ఉండే శక్తి నాలుగు రెట్లవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. ఇరవైలో గార్డ్ తట్టుకున్న దెబ్బకీ అరవైలో తగిలే దెబ్బకీ పోలికే లేదు. అరవైలో పడ్డప్పుడు మీరు బండి మీదే ఉండరు కూడా. బండి ఒక దారిన, మీరు ఒక దారిన వెళ్తారు. అప్పుడు గార్డ్ కాపాడేది బండి ట్యాంకుని.

ఎదురుగా ఆటోనో కారో గుద్దినప్పుడు మరీ తేడా. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసర్ బృందం దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ తరఫున లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను స్వయంగా వెళ్లి పరిశీలించి 1981లో రిపోర్టు ఇచ్చింది. పాతదే అయినా ఈ విషయంలో ఇప్పటికీ అందరూ చెప్పుకునేది దాన్నే. క్రాష్ బార్ల (అంటే మన క్రాష్ గార్డ్‌ల) గురించి అందులో తేల్చింది ఇది: చీలమండ, పాదం దెబ్బలు తగ్గాయి; కానీ తొడ, మోకాలు, మోకాలి కింది భాగం దెబ్బలు ఆ మేరకు పెరిగాయి. అంటే మొత్తం మీద మనిషికి మిగిలిన లాభం లేదు. ఎందుకో బండి మీద కూర్చుని చూస్తే తెలుస్తుంది. గార్డ్ పాదాన్ని ఆపేస్తుంది, ఒళ్లు మాత్రం ముందుకి వెళ్తుంది, మోకాలు వెళ్లి ఆ పైపుకే తగులుతుంది. ఆ రిపోర్టులోనే ఇంకో మాట ఉంది. గుద్దుకునే క్షణంలో ఆ బండ్ల వేగం సగం కేసుల్లో గంటకి 35 కిలోమీటర్లకి మించలేదు. "నేను నలభై దాటను, నాకేం కాదు" అనేవాళ్లు అది గుర్తుంచుకోవాలి. అక్కడి బండ్లు వేరు, ట్రాఫిక్ వేరు, నిజమే. కానీ మోకాలు అక్కడా ఇక్కడా ఒకటే.

ఎలాంటి గార్డ్ కొనాలి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. చెడ్డ గార్డ్ కంటే గార్డ్ లేకపోవడమే మేలు.

మొదటిది, పైపు మందం. బయట కనిపించేది లావు, అసలు చూడాల్సింది గోడ మందం. రోడ్డు పక్క యాక్సెసరీ షాపుల్లో మెరిసే క్రోమ్ గార్డ్‌లు చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా తేలిపోతాయి. అవి పడ్డ మొదటిసారే వెనక్కి ముడుచుకుపోతాయి. పోయిన వానాకాలంలో ఒక కుర్రాడి బండి వచ్చింది. పడింది చాలా నెమ్మదిగా, బిస్సంకటక్ దగ్గర ఒక కల్వర్టు పక్కన. గార్డ్ కుడి కొమ్ము వెనక్కి వంగి సరిగ్గా బ్రేక్ పెడల్ కిందికి వెళ్లి ఇరుక్కుంది. పెడల్ కిందికి దిగట్లేదు. వెనక బ్రేకే లేదు. అతనికి ఆ సంగతి తెలియక అలాగే రెండు కిలోమీటర్లు పల్లంలో దిగాడు. గార్డ్‌ని హ్యాక్‌సా బ్లేడుతో కోసి తీశాను, పైపు గోడ మందం అట్టముక్కంత ఉంది.

అందుకే కొనేటప్పుడు గార్డ్‌కీ బ్రేక్ పెడల్‌కీ మధ్య, గార్డ్‌కీ గేర్ లివర్‌కీ మధ్య కనీసం నాలుగు వేళ్లు పట్టే సందు ఉందో లేదో చూడండి. హ్యాండిల్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి, బ్రేక్ హోసు, కేబుళ్లు ఎక్కడా గార్డ్‌కి రాసుకోవట్లేదని నిర్ధారించుకోండి.

రెండోది, ఎక్కడ బిగిస్తున్నారు అన్నది. ఫ్రేమ్‌కి పైన ఒక చోట, కింద ఒక చోట పట్టు ఉండాలి. మధ్యలో ఒకే క్లాంపుతో వేలాడే గార్డ్ వద్దు, పడగానే ఆ క్లాంపు చుట్టూ తిరిగిపోతుంది. ఇంజన్ బిగించే బోల్టుకే గార్డ్‌నీ తగిలించే రకం ఉంటాయి. వాటిలో కంపెనీ ఇచ్చినవి ఫర్వాలేదు, లెక్కలు చూసుకుని చేస్తారు. బయటి గార్డ్ అయితే పడ్డప్పుడు ఆ దెబ్బ నేరుగా ఇంజన్ చెవికి, అంటే ఆ బోల్టు దూరే కొక్కేనికి వెళ్తుంది. ఆ చెవి విరిగితే అల్యూమినియం వెల్డింగ్ చేయించాలి, లేదా కేసింగే మార్చాలి.

మూడోది వినడానికి వింతగా ఉంటుంది. గార్డ్ వంగాలి. బాగా గట్టిగా, అసలు వంగనిది కావాలని కొందరు వెల్డింగ్ షాపులో లావు పైపుతో చేయించుకుంటారు. గార్డ్ వంగకపోతే ఆ దెబ్బ ఫ్రేమ్‌కి పోతుంది. గార్డ్ వంగితే గార్డ్ మారుస్తాం, ఫ్రేమ్ వంగితే బండే మార్చాలి. అలాగే ఒకసారి గట్టిగా వంగిన గార్డ్‌ని వేడి చేసి సాపు చేయించుకోకండి. వంగిన చోట బలం పోయి ఉంటుంది.

వెడల్పు కూడా చూడండి. సీతాకోకచిలుక రెక్కల్లా బాగా బయటికి వచ్చే గార్డ్‌లు చూడ్డానికి దర్జాగా ఉంటాయి. రాయగడ బజారులో ఆటోల మధ్య దూరేటప్పుడు ఆ దర్జా తెలుస్తుంది. ఘాట్‌లో బండి బాగా వంచినప్పుడు గార్డ్ అడుగు నేలకి రాసుకుంటే వెనక చక్రం పట్టు వదిలేస్తుంది. మీ హ్యాండిల్ చివర కంటే గార్డ్ బయటికి రాకూడదు. ఆ కొలత చాలు.

బిగించిన వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాత ప్రతి సర్వీసుకీ బోల్టులు పట్టి చూడమనండి. మన గతుకుల రోడ్లకి నట్లు వదులవుతాయి. పైపు చివరల ప్లాస్టిక్ మూతలు ఊడిపోతే వెంటనే వేయించండి, లేకపోతే వాన నీళ్లు లోపలికి వెళ్లి లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయట క్రోమ్ తళతళలాడుతూనే ఉంటుంది, పడ్డ రోజున పుటుక్కున విరుగుతుంది.

సారీ గార్డ్

దీని గురించి గొంతు పెంచి చెప్పాలని ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం ప్రతి మోటార్‌సైకిల్‌కీ వెనక కూర్చున్నవారు పట్టుకోవడానికి స్థిరమైన పట్టు, ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. బట్టలు చక్రంలో ఇరుక్కోకుండా అని ఆ నియమంలోనే కారణం కూడా రాసి ఉంది. అంటే షోరూంవాళ్లు "తీసేస్తాం" అన్నది లుక్ సంగతి కాదు, చట్టం సంగతి.

మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆదివారం ఒక్క గంట నిలబడి చూడండి. ఎన్ని కొత్త బండ్లకి సారీ గార్డ్ లేదో, ఎంతమంది ఆడవాళ్లు పమిట చెంగు గాలికి ఎగురుతుంటే ఒక పక్కకి కూర్చుని వెళ్తున్నారో. అలా పడ్డ ఒక బండి నా దగ్గరికి వచ్చింది. వెనక స్ప్రాకెట్‌కీ (చైన్ తిరిగే పళ్ల చక్రం) చక్రం మధ్య హబ్‌కీ నడుమ చీర చెంగు తాడులా పేనుకుపోయి, చైన్ గ్రీజుతో నల్లగా గట్టిపడి ఉంది. బ్లేడుతో ముక్కలు ముక్కలుగా కోసి లాగాను, జరీ అంచు చివర్న బయటపడింది. ఆవిడ బతికారు. భుజం, తల వెనక దెబ్బలతో విశాఖ తీసుకెళ్లాల్సి వచ్చింది. చక్రం చెంగుని లాగినప్పుడు మనిషి వెనక్కి పడుతుంది, తల ముందు తగులుతుంది. నడిపేవాడికి ఏం జరిగిందో తెలిసేలోపు అయిపోతుంది. ఆ బండికి ముందువైపు ఖరీదైన క్రాష్ గార్డ్ ఉంది. సారీ గార్డ్ మాత్రం అతని ఇంటి అటక మీద ఉందట.

సారీ గార్డ్‌తో పాటు చైన్ కవర్ పూర్తిగా ఉందో లేదో చూడండి. కొన్ని స్పోర్ట్స్ మోడళ్లలో పైన సన్నటి పట్టీ ఒకటే ఉంటుంది. మీ ఆవిడకి పమిట చెంగు నడుముకి చుట్టి దోపుకోమని చెప్పండి, చున్నీ అయితే ముందుకి ముడి వేయాలి. వీలైతే రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోవడం ఇంకా మేలు, ఘాట్‌లో బండి బ్యాలెన్స్‌కి కూడా. కానీ చీరలో కుదరదని నాకూ తెలుసు.

మీ లిస్టులో లేనిది, నేను చేర్చేది

సైడ్ స్టాండ్ పాదానికి వేసే వెడల్పాటి ప్లేటు. షోరూంవాళ్లు చెప్పరు, ఎందుకంటే అందులో లాభం లేదు. అరచేతిలో సగం ఉండే ఇనుప ముక్క. లేత్ షాపులో చేయించి స్టాండ్ కింద బోల్టు వేయించుకుంటే మన ఎర్రమట్టిలో స్టాండ్ దిగదు. పైన చెప్పిన పడిపోవడాల్లో ఒక పెద్ద వాటా ఈ ఒక్క ముక్కతో ఆగిపోతుంది. బాగా పెద్దది పెట్టకండి, ఎడమ మలుపులో రాసుకుంటుంది.

రెండోది లివర్ల బిగింపు. క్లచ్ లివర్ పట్టి ఉండే క్లాంపు బోల్టుని మెకానిక్‌లు పళ్లు బిగించి టైట్ చేస్తారు. అక్కర్లేదు. నడుపుతున్నప్పుడు కదలకుండా, గట్టిగా చేత్తో తోస్తే మాత్రం హ్యాండిల్ చుట్టూ తిరిగేంత బిగువు చాలు. పడ్డప్పుడు లివర్ నేలకి తగిలి తిరిగిపోతుంది, విరగదు. డిస్క్ బ్రేక్ వైపు క్లాంపుకీ అంతే. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక క్లచ్ లివర్, ఒక క్లచ్ కేబుల్ సీటు కిందో బ్యాగులోనో పెట్టుకోండి. లివర్ విరిగితే పది నిమిషాల్లో మార్చుకుని బయల్దేరొచ్చు.

దీని తర్వాత హ్యాండ్ గార్డ్‌ల సంగతి తేలికైపోతుంది. లోపల అల్యూమినియం పట్టీ ఉండి హ్యాండిల్‌కి రెండు చివర్లా బిగించేవి లివర్లని నిజంగానే కాపాడతాయి. ఒక చివరే బిగించే ప్లాస్టిక్‌వి గాలినీ చలినీ ఆపుతాయి, అంతే. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే కొరాపుట్ వైపు వెళ్లేవాడికి అది కూడా తక్కువ ఉపకారం కాదు. వేళ్లు బిగుసుకుపోతే బ్రేకు సరిగా పడదు. కానీ "క్రాష్ ప్రొటెక్షన్" పేరు మీద దానికి డబ్బు కట్టకండి.

సంప్ గార్డ్

రాయగడ, కొరాపుట్, పార్వతీపురం తారు రోడ్లకే పరిమితమైతే అవసరం లేదు. కాశీపూర్ లోపలి ఊళ్లకి వెళ్లే దారుల్లో, కల్వర్టు పనులు జరిగే చోట్ల బండి కడుపు కింద రాళ్లు తగులుతాయి. ఇంజన్ అడుగున ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఉంటుంది, చాలా బండ్లలో అది కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది. రాయి దాని పక్కన తగిలి కేసింగ్ చిట్లితే ఆయిల్ మొత్తం అక్కడే పోతుంది. మీ బండి కింద వంగి చూడండి. ఎగ్జాస్ట్ పైపు ఇంజన్ కిందుగా వెళ్తుంటే దెబ్బ ముందు దానికే తగులుతుంది, అప్పుడు తొందరేం లేదు. ఇంజన్ అడుగు నగ్నంగా ఉంటే మూడు నాలుగు మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు వేయించండి. డ్రెయిన్ బోల్టు దగ్గర కంత ఉండాలి, నీళ్లు దిగడానికి చిన్న రంధ్రాలూ ఉండాలి. కంత లేకపోతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ ప్లేటు విప్పాలి, విసుగొచ్చి మెకానిక్ ఒక బోల్టు ఎగ్గొడతాడు. లోపల బురద పేరుకోకుండా అప్పుడప్పుడు ప్రెజర్‌తో కడిగించండి.

స్లైడర్లు

నైలాన్ ముక్కలు. రేస్ ట్రాక్ మీద, నున్నటి తారు మీద బండి జారుకుంటూ పోయేటప్పుడు ఫెయిరింగ్ (బండి పక్కలని కప్పే ప్లాస్టిక్ తొడుగు) గీసుకుపోకుండా పుట్టినవి. అక్కడ బాగా పనిచేస్తాయి. మన రోడ్డుకి అంచున గోతులు, రాళ్లు, కాంక్రీటు దిమ్మెలు. జారుతున్న స్లైడర్ వాటిలో తట్టుకుంటే బండి అక్కడే ఎగిరి తిరగబడుతుంది. పైగా ఒకే పొడవాటి బోల్టు మీద నిలబడతాయి కాబట్టి దెబ్బంతా ఆ బోల్టు పట్టిన చోటికే. ఫుల్ ఫెయిరింగ్ ఉన్న బండికి మామూలుగా క్రాష్ గార్డ్ పట్టదు కనుక అక్కడ వేరే దారి లేక వేస్తాం. మీది ఆ తొడుగు లేని నేకెడ్ బండే అనుకుంటున్నాను. గార్డ్ ఉన్నాక స్లైడర్ దండగ.

హెడ్‌లైట్ గ్రిల్ వెలుగుని తగ్గిస్తుంది, మంచులో ఇంకా. వద్దు. ఎల్‌ఈడీ లైట్లు కూడా వద్దు. తెల్లటి లైటు మంచు మీద పడి తిరిగి మన కళ్లలోనే కొడుతుంది, ఎదురొచ్చే లారీ డ్రైవర్‌కి కళ్లు బైర్లు కమ్ముతాయి. హెడ్‌లైట్ వైరు గీకి కనెక్షన్ లాగితే వారంటీ కూడా పోతుంది.

ఇప్పుడు గార్డ్ వేయించాక మనవాళ్లు చేసే పనులు. బియ్యం మూట గార్డ్‌కి కట్టేస్తారు, గ్యాస్ సిలిండర్ కట్టినవాళ్లనీ చూశాను. ఎయిర్ కూల్డ్ ఇంజన్‌కి ఎదురుగాలే ప్రాణం. మూట అడ్డంగా ఉంటే ఘాట్ ఎక్కేసరికి ఇంజన్ సెగలు కక్కుతుంది. హైవే రాగానే కాళ్లు తీసి గార్డ్ మీద చాపుకుంటారు. కుక్క అడ్డొస్తే కాలు బ్రేకు మీదికి రావాలి, గార్డ్ మీద నుంచి వచ్చేసరికి బండి ఎన్ని గజాలు పోతుందో ఆలోచించండి. అన్నిటికంటే ఘోరం, పిల్లాణ్ణి ట్యాంకు మీద కూర్చోబెట్టి కాళ్లు గార్డ్ మీద పెట్టించడం. బండి వాలిందంటే ఆ పైపుకీ నేలకీ మధ్య ఉండేవి పిల్లాడి కాళ్లే.

మిగిలిన డబ్బు సంగతి. ఐఎస్‌ఐ గుర్తు ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్ రెండు కొనండి, ఒకటి మీ ఆవిడకి. ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదని 2021 జూన్ 1 నుంచి నిబంధన ఉంది, అయినా రోడ్డు పక్క దొరుకుతూనే ఉన్నాయి. తల కొలత చూసుకుని కొనండి. పట్టీ బిగించాక హెల్మెట్ వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకి లాగితే ఊడి రాకూడదు. తర్వాత అరచేతికి గట్టి పలక ఉన్న గ్లౌజులు, ఎందుకంటే పడేవాడు ఎవడైనా ముందు చేతులే ఆనిస్తాడు. తర్వాత చీలమండ పైదాకా వచ్చే బూట్లు. ఫ్యాక్టరీలో వేసుకునే సేఫ్టీ షూ అయినా ఫర్వాలేదు, చెప్పుల కంటే వెయ్యి రెట్లు నయం. మోకాలి గార్డ్‌లు కొంటే మీద యూరప్ ప్రమాణం సీఈ గుర్తు, ఈఎన్ 1621-1 అని ఉందో లేదో చూడండి. లెవల్ 2 అంటే లెవల్ 1 కంటే దెబ్బని ఎక్కువ పీల్చుకుంటుంది. క్రాష్ గార్డ్ తగిలే మోకాలిని కాపాడేది ఇదే.

చట్టం గురించి కూడా అడిగేవాళ్లు ఉన్నారు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ క్రాష్ గార్డ్‌లు, బుల్ బార్‌లు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని, 190, 191 సెక్షన్ల కింద జరిమానా వేయొచ్చని రాష్ట్రాలకి రాసింది. ఆచరణలో దాని గురి కార్లు, జీపుల ముందు బిగించే ఇనుప దిమ్మెల మీద. మా వైపు బండికి కంపెనీ లెగ్ గార్డ్ (అదే క్రాష్ గార్డ్) ఉందని చలాన్ రాసినట్టు నేను చూడలేదు. ఓడీ 18 (రాయగడ నంబరు) బండితో కొమరాడ మీదుగా ఆంధ్రలోకి వెళ్లినా కాగితాలు, హెల్మెట్ చూస్తారు తప్ప గార్డ్ జోలికి రారు. అయినా బాగా బయటికి పొడుచుకొచ్చే గార్డ్, కళ్లు పోగొట్టే లైట్లు ఉంటే పోలీసుకి మీరే ఛాన్స్ ఇచ్చినట్టు. అందుకే కంపెనీ గార్డ్ తీసుకోండి, పార్ట్ నంబరుతో బిల్లులో రాయించండి. ఆ బిల్లుతోనే ఇన్సూరెన్స్‌లో యాక్సెసరీ కింద చూపించాలి. చూపించకపోతే బండి పడ్డ రోజు గార్డ్ డబ్బు క్లెయిమ్‌లో రాదు.

బండి డెలివరీ తీసుకునే ముందే సారీ గార్డ్ ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టండి. మీది ఏ మోడలో చెప్పి, ఇంజన్ అడుగు భాగం ఫోటో ఒకటి ఇక్కడ పెడితే సంప్ గార్డ్ అవసరమో కాదో చూసి చెబుతాను.